హెర్షీ బేర్స్ ఎవరి జట్టు? మధ్య పెన్సిల్వేనియా తెలుగువాళ్ళకు ఒక బహిరంగ లేఖ

హారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్, హెర్షీ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకు, మన సంఘాల పెద్దలకు,

నమస్కారం.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, అత్తమామలు వచ్చినా మనం మొదట తీసుకెళ్ళేది న్యూ కంబర్లాండ్ గుడికి. ఆ తర్వాత హెర్షీకి. చాక్లెట్ అవెన్యూలో కిస్ చాక్లెట్ల ఆకారంలో ఉన్న వీధి దీపాలు చూపిస్తాం. చాక్లెట్ వరల్డ్‌లో తిప్పుతాం. ఎండాకాలమైతే పిల్లలతో అక్కడి వినోద పార్కులో రోజంతా గడిపేస్తాం. ఆ పార్కు పక్కనే జెయింట్ సెంటర్ అనే ఐస్ హాకీ స్టేడియం ఉంది. దాని ముందు నుంచి ఎన్నోసార్లు కారులో వెళ్ళి ఉంటారు. శీతాకాలం శనివారం రాత్రి లోపల ఏం జరుగుతుందో మనలో ఎంతమంది చూశారు?

పోయిన శీతాకాలం మనవాళ్ళ మీటింగ్ ఒకదానిలో నేనొక మాట అన్నాను. ఈసారి అందరం కలిసి హెర్షీ ఐస్ హాకీ జట్టు బేర్స్ మ్యాచ్‌కి వెళ్దాం, గ్రూప్ టికెట్లు తీసుకుందాం అని. నేనెంతో గౌరవించే ఒక పెద్దాయన, "అది వాళ్ళ ఆటమ్మా, మనకెందుకు? ఏదో పెద్ద కంపెనీ జట్టు, వాళ్ళకి మన డబ్బులు కావాలి, అంతే" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ జట్టు ఎవరిదో తెలిసి కూడా అక్కడ నోరు పెగల్లేదు. తర్వాతి అంశం సంక్రాంతి ముగ్గుల పోటీ, చర్చ అటు వెళ్ళిపోయింది. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

హెర్షీ బేర్స్ జట్టు హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ రిసార్ట్స్ అనే కంపెనీది. పార్కు, హోటళ్ళు, జెయింట్ సెంటర్ నడిపేది కూడా ఆ కంపెనీయే. అక్కడివరకు పెద్దాయన అన్నది నిజమే. అయితే ఆ కంపెనీ ఎవరిది? దాని షేర్లు మార్కెట్‌లో దొరకవు. దాని వెనక కోటీశ్వరుల కుటుంబం ఏదీ లేదు. అది మొత్తంగా ఒక ట్రస్టు ఆస్తి. ఆ ట్రస్టు ఉన్నది ఒక బడి కోసం. మిల్టన్ హెర్షీ స్కూల్ అని, అక్కడ సుమారు 2,000 మంది పిల్లలు ఉంటారు. అందరూ డబ్బులేని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. తిండి, బట్ట, నీడ, చదువు, వైద్యం, ఏదానికీ వాళ్ళు పైసా కట్టక్కర్లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది మాన్యం. పూర్వం మన ఊళ్ళలో సత్రానికీ, పాఠశాలకూ పొలాలు రాసిచ్చేవాళ్ళు కదా, ఆ పొలం మీద వచ్చిన పంట సత్రంలో అన్నమయ్యేది. ఇక్కడ ఆ పొలాల్లో ఒకటి ఐస్ హాకీ జట్టు.

రాసిచ్చినాయన మిల్టన్ హెర్షీ. 1857లో ఇక్కడే డెర్రీ టౌన్‌షిప్‌లో పుట్టాడు. ఫిలడెల్ఫియాలో మిఠాయి వ్యాపారం పెట్టి దెబ్బతిన్నాడు, న్యూయార్క్‌లో పెట్టి మళ్ళీ దెబ్బతిన్నాడు. లాంకాస్టర్‌కి తిరిగొచ్చి కారమెల్‌తో నిలదొక్కుకున్నాడు. ఆ కారమెల్ కంపెనీని 1900లో 10 లక్షల డాలర్లకు అమ్మేసి, పుట్టిన చోటికి వచ్చి పాడిపశువుల మధ్య చాక్లెట్ ఫ్యాక్టరీ కట్టాడు. ఫ్యాక్టరీ చుట్టూ ఊరు కట్టాడు. భార్య కేథరిన్‌కీ ఆయనకూ పిల్లల్లేరు. 1909లో ఇద్దరూ కలిసి అనాథ పిల్లల కోసం బడి పెట్టారు. 1915లో ఆవిడ పోయింది. మూడేళ్ళ తర్వాత తన చాక్లెట్ కంపెనీ షేర్లు, అప్పటి లెక్కలో దాదాపు 6 కోట్ల డాలర్ల ఆస్తి, ఆ బడి ట్రస్టుకు రాసేశాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. 1923లో గానీ లోకానికి తెలియలేదు.

హాకీ ఈ ఊరికి వచ్చింది 1931 ఫిబ్రవరిలో. ఐస్ ప్యాలెస్ అనే చిన్న హాల్లో బయటి నుంచి వచ్చిన రెండు జట్లు ఒక మ్యాచ్ ఆడాయి. జనం ఎంత ఇష్టపడ్డారంటే మరుసటి ఏడాదే ఊరికి సొంత జట్టు పుట్టింది. దానికి పెట్టిన పేరు హెర్షీ బార్స్. చాక్లెట్ బార్లు గుర్తొస్తాయి, పలుకుతుంటే ఎలుగుబంట్లు కూడా వినిపిస్తాయి. న్యూయార్క్ పత్రికల వాళ్ళకు అది నచ్చలేదు, ఇదేం పేరు, చాక్లెట్ ప్రకటనలా ఉందన్నారు. 1936లో అది హెర్షీ బేర్స్ అయింది.

ఆ రోజుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అమెరికా అంతా మహా మాంద్యంలో ఉంది. ఎక్కడ చూసినా ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. హెర్షీ మాత్రం తన ఊళ్ళో కట్టడాలు మొదలుపెట్టాడు. హోటల్, థియేటర్, చివరికి హాకీ కోసం స్పోర్ట్స్ అరీనా. పని లేక కూర్చున్న ఊరివాళ్ళకు అలా కూలి దొరికింది. అరీనా డిజైన్ ఆంటన్ టెడెస్కో అనే ఇంజినీర్‌ది. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా, పల్చటి కాంక్రీటు కప్పు మొత్తం ఒక వంపుగా పోశారు. అంత పెద్ద కట్టడం మీద అలాంటి కప్పు అమెరికాలో అదే మొదటిది. 1936 మార్చిలో పని మొదలైంది, డిసెంబర్‌కల్లా అరీనా తెరిచారు. లోపల 7,000కు పైగా సీట్లు. అప్పట్లో ఊరి జనాభా అంత లేదు. ఆ కట్టడం ఇప్పటికీ ఉంది. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టింది ఆ కప్పు కిందే. మా ఆయన చిన్నప్పుడు క్విజ్ పుస్తకంలో బట్టీ పట్టిన జవాబు మన ఇంటికి అరగంట దూరంలో ఉందని తెలిసి ఆ రోజే కారు తీశారు.

1938లో బేర్స్ ఇప్పుడు మనం అమెరికన్ హాకీ లీగ్ అని పిలిచే లీగ్‌లో చేరింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా అదే ఊరు, అదే పేరు. ఆ లీగ్‌లో ఇంత కాలంగా కదలకుండా ఆడుతున్న జట్టు ఇంకొకటి లేదు. లీగ్ ట్రోఫీ కాల్డర్ కప్‌ను 13 సార్లు గెలిచింది. ఎవరూ అన్నిసార్లు గెలవలేదు. మొదటిది 1947లో. మొన్నటివి 2023, 2024లో వరుసగా రెండు. ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఎదుటి జట్టు కాలిఫోర్నియా నుంచి వచ్చిన కోచెల్లా వ్యాలీయే, రెండింటిలోనూ చివరి గోల్ ఓవర్‌టైమ్‌లోనే పడింది. 2023లో ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో మైక్ వెక్కియోన్ ఆ గోల్ కొట్టినప్పుడు మా ఇంట్లో అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు కంగారుపడి ఫోన్ చేశారు.

ఇలాంటి చిన్న లీగ్ జట్టు ఎలా నడుస్తుందో కూడా చెబుతాను, ఎందుకంటే పెద్దాయన మాటకు అసలు జవాబు అందులోనే ఉంది. అమెరికన్ హాకీ లీగ్ అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కు, అంటే ఈ ఆటలో అన్నిటికన్నా పెద్దదైన నేషనల్ హాకీ లీగ్‌కు, ఒక మెట్టు కింద. ఇక్కడి కుర్రాళ్ళలో చాలామందికి జీతమిచ్చేది పైనున్న ఎన్‌హెచ్‌ఎల్ జట్టు. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే ఫోన్ చేసి ఇక్కడి నుంచి పిలిపించుకుంటారు. నిన్న రాత్రి హెర్షీలో గోల్ కొట్టినవాడు ఇవాళ వాషింగ్టన్‌లో ఉంటాడు. 2005 నుంచి బేర్స్‌కు పైనున్నది వాషింగ్టన్ క్యాపిటల్స్. 2018లో ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఎత్తిన బ్రేడెన్ హోల్ట్‌బీ, జాన్ కార్ల్‌సన్ ఇద్దరూ ఇక్కడ ఆడి వెళ్ళినవాళ్ళే. అంతకుముందు పైజట్లు చాలా మారాయి. బోస్టన్, పిట్స్‌బర్గ్, బఫెలో, ఫిలడెల్ఫియా, కొలరాడో. ఆటగాళ్ళు వస్తారు, పోతారు, పైజట్టు కూడా మారుతుంది. మారకుండా ఉన్నది ఊరు, పేరు, యజమాని.

చాలా జట్లకు ఈ భాగ్యం లేదు. పై ఎన్‌హెచ్‌ఎల్ జట్టే యజమాని అయినచోట కింది జట్టు ఎక్కడుండాలో వాళ్ళ అవసరాన్ని బట్టి తేలుతుంది. 2015 జనవరిలో ఒకే రోజు ఐదు జట్ల సంగతి ప్రకటించారు. మాంచెస్టర్, వూస్టర్, నార్ఫోక్, ఓక్లహోమా సిటీ, గ్లెన్స్ ఫాల్స్, ఈ ఐదు ఊళ్ళ నుంచి జట్లను కాలిఫోర్నియాకు తరలిస్తున్నామని. కారణం వాళ్ళకు న్యాయమైనదే, పడమటి తీరంలో ఉన్న పెద్ద జట్లకు కుర్రాళ్ళు దగ్గర్లో కావాలి. న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ సంగతి చూడండి. జట్టు వెళ్ళిపోతోందని తెలిసిన ఆ సీజన్‌లోనే ఆ కుర్రాళ్ళు కాల్డర్ కప్ గెలిచారు. ఊరు కప్పును చూసుకుంది, జట్టు వెళ్ళిపోయింది. అదే పేరుతో ఇంకా కింది లీగ్ జట్టు ఒకటి ఇచ్చారు, అది కూడా 2019లో ఆగిపోయింది.

2016లో మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ జట్టును అరిజోనా ఎన్‌హెచ్‌ఎల్ జట్టువాళ్ళు కొని టూసాన్‌కు పట్టుకెళ్ళారు. స్ప్రింగ్‌ఫీల్డ్ జనం ఊరుకోలేదు, అక్కడి వ్యాపారులు కొందరు కలిసి ఇంకో జట్టును కొని తెచ్చుకున్నారు. ఆ ఊరికి మేలే జరిగింది. కానీ వాళ్ళు కొని తెచ్చుకున్నది మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ జట్టును. ఇక్కడ దీపం పెట్టడానికి అక్కడ దీపం తీసేసినట్టయింది. పోర్ట్‌లాండ్‌లో చిన్నప్పటి నుంచి ఒకే సీట్లో కూర్చుని మ్యాచ్ చూసినవాళ్ళు ఉండి ఉంటారు. వాళ్ళను ఎవరు అడిగారు?

బేర్స్‌ను ఇలా ఎవరూ తరలించలేదు. దీని యజమానికి వేరే ఊరు లేదు. బడి ఇక్కడే, పిల్లలు ఇక్కడే. జట్టును పట్టుకుని వాళ్ళెక్కడికి పోతారు?

కానీ ఒక్క మాట దాచి చెప్పడం నాకిష్టం లేదు. ట్రస్టు అనే పేరుంటే చాలు, అంతా క్షేమం అనుకోకూడదు. ధర్మకర్తల చేతిలో మాన్యాలు ఏమవుతాయో మనకు తెలియనిది కాదు. ఇక్కడా 2002లో అలాంటి రోజు వచ్చింది. ట్రస్టు నడిపేవాళ్ళు చాక్లెట్ కంపెనీని అమ్మేద్దామనుకున్నారు. హాకీ జట్టును కాదు, కంపెనీని. డబ్బంతా ఒకేచోట ఉండటం మంచిది కాదన్నది వాళ్ళ వాదన. చూయింగ్ గమ్ చేసే రిగ్లీ కంపెనీ 1,250 కోట్ల డాలర్లు ఇస్తామంది. ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. ఫ్యాక్టరీ కార్మికులు, ఆ బడిలో చదువుకుని పెద్దవాళ్ళయినవాళ్ళు, కొట్లవాళ్ళు అందరూ వద్దన్నారు. రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకు వెళ్ళారు. కోర్టు అమ్మకం ఆపమంది. సెప్టెంబర్‌లో ధర్మకర్తలే వెనక్కి తగ్గారు. ఆ అక్టోబర్‌లోనే బేర్స్ పాత అరీనా వదిలి కొత్త జెయింట్ సెంటర్‌లో ఆడటం మొదలుపెట్టింది. కంపెనీని అమ్మి ఉంటే ఆ అక్టోబర్ ఎలా ఉండేదో నేను ఊహించలేను.

ఆ ఆస్తి నిలిచింది కాగితం బలంతో మాత్రమే కాదు. కాగితంలో ఏం రాసుందో చదివి, అది మాది అని నిలబడిన మనుషులు ఉండబట్టి నిలిచింది. అప్పటికి మనలో చాలామంది ఇక్కడికి రాలేదు. రేపు మళ్ళీ అలాంటి మాట వస్తే, ఈ ఊళ్ళలో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని ఇక్కడి బళ్ళలో చదివించుకుంటున్న మనం ఎక్కడుంటాం? పెద్దాయన్ని నేను అడగాలనుకున్నది ఇదే.

మనల్ని ఎవరు రానిస్తారని కొందరు అడుగుతారు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1909 నాటి దస్తావేజులో బడి ఎవరికోసమో స్పష్టంగా రాశారు: తెల్లజాతి మగపిల్లలకు. మన పిల్లలాంటి రంగు ఉన్న పిల్లలకు ఆ రోజుల్లో అక్కడ చోటు లేదు. 1960ల చివర్లో ఆ రంగు గీత చెరిగింది, 1970లలో ఆడపిల్లలు వచ్చారు. ఇప్పుడు అక్కడ అన్ని రంగుల పిల్లలూ ఉన్నారు. దస్తావేజు మారింది, ఊరు మారుతోంది. ఆటలోనూ అంతే. 1989లో రాబిన్ బావా అనే పంజాబీ కుర్రాడు వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున ఐస్ మీదకు దిగాడు. భారతీయ మూలాలున్నవాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడటం అదే మొదలు. 2025లో కాల్డర్ కప్ గెలిచిన కెనడాలోని అబాట్స్‌ఫర్డ్ జట్టులో అర్ష్‌దీప్ బైన్స్ ఉన్నాడు. పంజాబీవాళ్ళు కెనడాలో ఈ ఆటను తమది చేసుకున్నారు. ఎవరూ పిలిచి పీట వేయలేదు, వాళ్ళే వెళ్ళి కూర్చున్నారు. హాకీ అంటే మనకేమైనా కొత్తా? హైదరాబాద్‌లో పుట్టిన ముకేశ్ కుమార్ ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వెళ్ళిన రజని దేశానికి గోల్‌కీపర్ అయింది. గడ్డి పోయి ఐస్ వచ్చింది, కర్ర మాత్రం అదే.

నేను మొదటిసారి వెళ్ళింది ఆఫీసులో ఒకావిడ తన టికెట్లు ఇస్తే. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. రూల్స్ ఏవీ తెలియవు, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎటు పోతోందో కళ్ళకు ఆనలేదు. పక్క సీట్లో డెబ్భై దాటిన ఒక బామ్మ. వాళ్ళ నాన్న ఆవిడను పాత అరీనాకు భుజం మీద ఎక్కించుకుని తీసుకొచ్చేవాడట. ఐస్ మీది నీలిగీతను పక్ దాటకముందే ఆటగాళ్ళు లోపలికి వెళ్ళకూడదని మా అమ్మాయికి వేలుతో గీసి చూపించింది. రెండో పీరియడ్‌కల్లా ఇద్దరూ కలిసి రిఫరీ మీద అరుస్తున్నారు. వెళ్ళేటప్పుడు, "వచ్చే వారం వస్తావా, ఈ సీటు ఎప్పుడూ నాదే" అంది. మా సొంత ఊళ్ళో రచ్చబండ దగ్గర మా తాతయ్యకు ఒక చోటుండేది. ఎవరూ అక్కడ కూర్చునేవాళ్ళు కాదు. ఈ దేశంలో అలాంటి చోటు ఒకటి ఉంటుందని నేను ఆ రాత్రి వరకు అనుకోలేదు.

ఇక టెడ్డీ బేర్ టాస్ గురించి. ఏటా శీతాకాలంలో ఒక మ్యాచ్ ఉంటుంది. బేర్స్ మొదటి గోల్ కొట్టగానే జనం తెచ్చిన బొమ్మలన్నీ ఐస్ మీదకు విసురుతారు. ఆట ఆగిపోతుంది. తెల్లటి ఐస్ కనిపించదు, అంతా బొమ్మలే. ఆటగాళ్ళు ఆ గుట్టల్లో దూకుతారు. తర్వాత వాటిని ఏరి, చుట్టుపక్కల సేవాసంస్థల ద్వారా పిల్లలకు చేరుస్తారు. 2025 జనవరి 5న లెక్కపెడితే 1,02,343 బొమ్మలు వచ్చాయి, ప్రపంచ రికార్డు. జెయింట్ సెంటర్‌లో పట్టేది పదివేల మందికి కాస్త పైన. అంటే మనిషికి సుమారు పది బొమ్మలు. చాలామంది చెత్త సంచుల్లో నింపుకుని మోసుకొస్తారు.

నా విన్నపం పెద్దదేమీ కాదు. ఈ సీజన్‌లో ఆ మ్యాచ్ తేదీ ప్రకటించగానే మన సంఘాలన్నీ కలిసి ఒక వరుస సీట్లు తీసుకుందాం. ఎవరి సంఘం బ్యానర్ అన్న పంచాయితీ వద్దు. దసరాకు మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెట్టే అలవాటు ఉంది కదా, ఆ రోజుల నుంచే ప్రతి ఇంట్లో పిల్లలతో ఒక్కో మెత్తటి బొమ్మ పక్కన పెట్టించండి. తల్లులూ, అటకెక్కిన కొత్త బొమ్మలు మీ ఇళ్ళలో ఎన్నున్నాయో మీకే తెలుసు. టికెట్లు కొనే పని, కార్లు కుదిర్చే పని నేను చూసుకుంటాను.

రెండో విన్నపం పెద్దలకు. హెర్షీ చూడటానికి వచ్చిన మన చుట్టాలకు చాక్లెట్ వరల్డ్ చూపించాక, పాత అరీనా ముందు కారు ఒక్క నిమిషం ఆపండి. ఆ వంపు కప్పు చూపించండి. పని లేని రోజుల్లో ఊరివాళ్ళకు పని ఇవ్వడానికి కట్టారని చెప్పండి. అందులో ఆడిన జట్టు ఇప్పటికీ ఆడుతోందని, దాని యజమాని బడిపిల్లలని చెప్పండి. మీ నాన్నగారికి, మామగారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. మాన్యం అంటే ఏమిటో వాళ్ళకు మనం చెప్పనక్కర్లేదు.

మీటింగులో నా మాట కాదన్న పెద్దాయనకు కూడా ఒక సీటు అట్టే పెడుతున్నాను, మా అమ్మాయి పక్కన. నీలిగీత సంగతి తనే చెబుతుంది. స్వెటర్ వేసుకుని రండి బాబాయిగారూ, లోపల చల్లగా ఉంటుంది.

ఇట్లు,
మెకానిక్స్‌బర్గ్ నుంచి మీలో ఒకరు